శిశువునకు ఆరగింపు



గత సంవత్సరము ధనుర్మాసమున ఒక కోవెల మండపములో పెరియాళ్వారుల చరిత్రను గూర్చి ప్రసంగించు భాగ్యము నాకు కలిగెను. శ్రీవిల్లిపుత్తూరులో వటపత్రశాయికి పూమాలలు కట్టి సమర్పించిన ఆ మహాభక్తుడు, తన్ను యశోదగా భావించుకొని, బాలకృష్ణుని నిదుర లేపి, పాలు త్రాగ రమ్మని పిలిచి, నీరాడ రమ్మని బతిమాలిన తీరును నాకు తెలిసినంతలో వివరించితిని. ప్రసంగము ముగిసి, తీర్థప్రసాద వినియోగము జరిగిన పిమ్మట ఒక కుటుంబము నా యొద్దకు వచ్చెను. ముందు అత్తగారు, వెనుక కోడలు, కోడలి చంకలో తొమ్మిది నెలల మగశిశువు.

"స్వామీ! వీడు నా మనుమడు. అన్నప్రాశన జరిగి మూడు నెలలైనది. తల్లిపాలు తప్ప మరేదియు ముట్టడు. ముద్ద నోట పెట్టినంతనే నాలుకతో నెట్టివేయును. ముక్కు మూసి పోసినచో అంతయు కక్కును. దిష్టి తీసితిమి, రక్షరేకు కట్టించితిమి. మా కోడలికి ఓపిక చాలదు. యశోదమ్మను గూర్చి ఇంత చక్కగా చెప్పితిరి కదా! ఏ శ్లోకము చదివినచో వీడు అన్నము తినునో సెలవిండు" అని ఆ పెద్దావిడ అడిగెను.

కోడలు ఒక్క మాటయు పలుకలేదు. ఆమె చూపు నేలమీదనే యుండెను. నేను ఆశీర్వదించుటకై బిడ్డ చేతిని పట్టుకొంటిని. ఆ చిన్న అరచేయి ఎఱ్ఱదనము లేక పాలిపోయి యుండెను.

ఆనాడు నేను వారికి చెప్పిన మాటలనే కొంత విస్తరించి ఇచట వ్రాయుచున్నాను. ఇట్టి చింత అనేక గృహములలో నున్నది. బయటికి చెప్పుకొనుటకు సంకోచించి, లోలోపల కుమిలిపోవు తల్లులు ఎందరో కలరు.

ఆళ్వారుల బాల్యము

పాలు ముట్టని శిశువు అనగానే శ్రీవైష్ణవులమైన మనకు మొదట స్ఫురించువారు నమ్మాళ్వారులు. తామ్రపర్ణీ తీరమున తిరుక్కురుగూరులో కారి, ఉడయనంగై యను పుణ్యదంపతులకు జన్మించిన ఆ శిశువు ఏడ్వలేదు, తల్లిపాలు త్రాగలేదు, కన్ను తెరువలేదు. లోకమున పుట్టిన ప్రతి శిశువును ఆవరించి అజ్ఞానమున ముంచు శఠమను వాయువును ఆయన గెంటివేసెనని, అందుచేతనే శఠకోపులైరని మన గురుపరంపర చెప్పుచున్నది. తల్లిదండ్రులు ఆ బిడ్డను ఆదినాథ పెరుమాళ్ళ సన్నిధికి గొనిపోయి సమర్పించిరి. అచటి చింతచెట్టు తొఱ్ఱలో పదునాఱు వత్సరములు ఆయన యోగనిష్ఠలో నుండిరి.

ఆ మౌనమును భేదించినవారు మధురకవులు. జడమైన దేహమున సూక్ష్మమైన జీవుడు జనించినచో దేనిని భుజించును, ఎచట నుండును అని ఆయన ప్రశ్నించిరి. దానినే భుజించి, అచటనే యుండునని ఆళ్వారులు ప్రత్యుత్తర మొసగిరి. గమనింపుడు! పాలు ముట్టని ఆ మహనీయుని మొదటి మాట ఆహారమును గూర్చినదే. ఆ పిమ్మట తిరువాయ్మొళిలో, తినెడి అన్నము, త్రాగెడి నీరు, వేసికొనెడి తాంబూలము అన్నియు కన్నయ్యయే యని ఆయన భావము.

తిరుమళిశై ఆళ్వారుల చరిత్రయు ఇట్టిదే. తిరువాళన్, పంకయచ్చెల్వి యను దంపతులకు లభించిన ఆ శిశువు తల్లి స్తన్యమును గ్రహింపలేదు. భక్తుడైన ఒక వృద్ధుడు ఆవుపాలను కాచి ప్రీతితో తెచ్చి యివ్వగా వానిని స్వీకరించెనని సంప్రదాయము.

ఈ గాథలు విని, "మా బిడ్డయు ఆళ్వారుల అంశయేమో, అందుకే అన్నము ముట్టడు" అని తృప్తి పడినవారిని నేనెఱుగుదును. అది సరికాదు. ఆళ్వారులు నిత్యసూరుల అంశమున అవతరించినవారు. మన యింట పుట్టిన బిడ్డ అన్నముచేత పెరుగవలసిన జీవుడు. అన్నమును నిందింపరాదనియు, అన్నమును బ్రహ్మముగా నెఱుగవలెననియు తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. ఆ గాథలనుండి మనము గ్రహింపదగిన పాఠము వేఱు. ఆ తల్లిదండ్రులలో ఒక్కరైనను శిశువును కసరలేదు, కొట్టలేదు. బిడ్డ నోరు విప్పని కారణమున ఉడయనంగై నింద మోసినట్లు ఎచటను లేదు.

శాస్త్రము, వైద్యము

శిశువునకు అన్నము ఎప్పుడు మొదలిడవలెను? ఆరవ మాసమున అన్నప్రాశన మని ఆశ్వలాయన, ఆపస్తంబ, పారస్కర గృహ్యసూత్రములు విధించినవి. నేటి వైద్యులును ఆరు నెలలు నిండు వఱకు తల్లిపాలు మాత్రమే యిచ్చి, ఆ పిమ్మట తల్లిపాలతోబాటు మెత్తని ఆహారము ఆరంభింపవలెనని చెప్పుచున్నారు. వేల యేండ్ల నాటి సూత్రకారుడును, నేటి వైద్యుడును ఒకే మాట చెప్పుట మనకు ఆనందదాయకము.

అందులకు కారణము కలదు. బిడ్డ తల్లి గర్భమునుండి తెచ్చుకొన్న ఇనుము నిలువలు ఆరవ నెలకు తఱుగును. తల్లిపాలలో ఇనుము స్వల్పము. ఆరు నుండి ఎనిమిది నెలల శిశువునకు తల్లిపాలకు తోడు దినమునకు సుమారు 200 కేలరీలు, తొమ్మిది నుండి పదకొండు నెలలవరకు సుమారు 300, రెండవ యేట సుమారు 550 కేలరీలు ఆహారమునుండి లభింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది. కనుక "పాలు త్రాగుచున్నాడు కదా, ఏడాది నిండిన పిమ్మట చూతము" అని ఊరకుండుటయు తప్పే.

ఒక్క విషయమున మాత్రము శ్రద్ధ అవసరము. ఆపస్తంబులు పెరుగు, తేనె, నెయ్యి, అన్నము కలిపి శిశువునకు పెట్టుమనిరి. ఏడాది నిండని శిశువునకు తేనె ఇయ్యరాదని వైద్యులు నేడు నిష్కర్షగా చెప్పుచున్నారు. తేనెలో ఒక్కొక్కప్పుడు దాగియుండు ఒక సూక్ష్మజీవి పసివాని ప్రేగులలో పెరిగి, కండరములను చచ్చుపడజేయు విషమును పుట్టించును. సంస్కారము శిశువు రక్షణకొఱకే కదా! కనుక పురోహితులతో ముందుగా చెప్పి, తేనెను మాని, నెయ్యి కలిపిన మెత్తని అన్నమును రవంత పెదవికి తాకించిన చాలును. ఉప్పు, పంచదారలను గూడ ఏడాది లోపల విడిచిపెట్టుట మేలు.

బిడ్డ ఏల నిరాకరించును?

శిశువు ముద్దను నాలుకతో వెలుపలికి నెట్టగానే "వీనికి ఇష్టము లేదు" అని మనము తీర్పు చెప్పుదుము. కాని పాలు కుడుచుటకు భగవంతుడిచ్చిన నాలుక కదలిక అది. నోట పడిన గట్టి పదార్థమును నెట్టివేయుట పుట్టుకతో వచ్చిన రక్షణ. నాలుగు నుండి ఆరు నెలల నడుమ అది క్రమముగా తగ్గును. కొందఱిలో మఱికొంత కాలము నిలుచును. ముద్దను నాలుకపైనుండి గొంతువైపునకు జరుపుట బిడ్డకు క్రొత్త విద్య. ప్రాకుట, నిలబడుట ఒక్క దినమున రానట్లే ఇదియు రాదు.

రెండవ కారణము క్రొత్తదనమునందలి భయము. ఒక క్రొత్త రుచిని బిడ్డ అంగీకరించుటకు ఎనిమిది నుండి పదునైదు మారులు రుచి చూపవలసి వచ్చునని శిశువైద్యులు చెప్పుదురు. మనమో, మూడు దినములు పెట్టి, నాలుగవ దినమున "వీనికి పప్పు గిట్టదు" అని మానివేయుదుము.

మూడవది ఆకలి లేకుండుట. గంట గంటకు పాలో, బిస్కత్తో నోటికందించుచున్నచో భోజన సమయమునకు ఆకలి యెక్కడిది? నాలుగవది దేహబాధ. పండ్లు వచ్చుట, పడిసెము, చెవిపోటు, నోటిపూత, మలబద్ధకము ఇవి బిడ్డ చెప్పలేనివి. ఐదవది రక్తహీనత. ఇనుము తగ్గినచో ఆకలి తగ్గును. ఆకలి తగ్గి తిననిచో ఇనుము మఱింత తగ్గును. చిన్నికృష్ణుడు మన్ను తిని తల్లికి నోట బ్రహ్మాండములు చూపెను; అది లీల. మన బిడ్డ మాటిమాటికి మన్ను, సున్నము తినుచున్నచో అది రక్తహీనతకు చిహ్నము కావచ్చును, వైద్యునికి చూపవలెను.

ఆరవ కారణము మన చేతిలోనిది. అది బలవంతము.

నా అపరాధము

ఇచట నేను నా తప్పును దాచుకొనరాదు. 1983వ సంవత్సరమున నా పెద్ద కుమార్తె ఎనిమిది నెలల పిల్ల. అన్నము పెట్టిన ముఖము త్రిప్పుకొనెడిది. నా భార్య గిన్నె పట్టుకొని గంటల కొలది వెంట తిరిగెడిది. ఒకనాడు నాకు కోపము వచ్చెను. "నీకు పెట్టుట చేతగాదు" అని ఆమెను గద్దించి, పిల్లను కాళ్ళపై పరుండబెట్టి, చేతులు అదిమిపట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో జావ పోసితిని. మా యింట పూర్వము అట్లే ఉగ్గు పట్టెడివారు. పిల్ల ఏడ్చుచు ఊపిరి పీల్చినది. జావ కొంత ఊపిరిత్రోవలోనికి పోయెను. క్షణములో ముఖము నీలమాయెను. తలక్రిందులు చేసి వీపు తట్టగా, దైవకృపచేత, దగ్గుతో ఊపిరి తిరిగెను.

మా పట్టణమున ఉండిన ఒక వృద్ధ వైద్యురాలు పిల్లను పరీక్షించి, నావైపు తిరిగి, "మీరు పురాణము చెప్పుదురట కదా! పెరుమాళ్ళకు ఆరగింపు చేయునప్పుడు గూడ ముక్కు మూసి పోయుదురా?" అని అడిగిరి. ఆ మాట నలుబది యేండ్లు దాటినను నా చెవిలో మ్రోగుచునే యున్నది.

ఆ పిదప రెండు నెలలు, ఉగ్గుగిన్నె కనబడినంతనే ఆ పిల్ల వణకెడిది. నేను పోసిన ఆ నాలుగు చెంచాల జావ, నాలుగు వందల ముద్దలను దూరము చేసినది.

ఆరగింపు నేర్పు పాఠము

ఆ వైద్యురాలు హాస్యమునకన్న మాటలో గొప్ప తత్త్వము కలదు. పరమపదమున నిత్యసూరులచే సేవింపబడు ప్రభువు, అర్చారూపమున తన స్వాతంత్ర్యమును మఱుగుపఱచి, అర్చక పరాధీనుడై యుండును. ఆయన స్నానము చేయించినప్పుడు నీరాడును; పెట్టినప్పుడు ఆరగించును; శయనింపజేసినప్పుడు శయనించును. శిశువును గూడ అట్లే మన చేతిలో పెట్టెను. కావున పెరుమాళ్ళకు చేయు ఆరగింపే శిశువునకు చేయు ఆరగింపునకు మార్గము చూపును.

మొదటిది కాలము. తిరుమలలో శ్రీవారికి దినమునకు మూడు పర్యాయములు నైవేద్య ఘంటలు మ్రోగును. వేళ తప్పదు, వేళ కాని వేళ నివేదన లేదు. బిడ్డకును అట్లే నియమిత వేళలుండవలెను. ఆరు నుండి ఎనిమిది నెలలవరకు దినమునకు రెండు మూడు మారులు, తొమ్మిదవ నెల నుండి మూడు నాలుగు మారులు చాలును. నడుమ తల్లిపాలు యథాప్రకారము సాగవలెను. రెండేండ్లవరకును, ఆపైనను ఇయ్యవచ్చును.

రెండవది శుచి. మడి కట్టుకొని తళిగ సిద్ధపఱచు చేతులు, బిడ్డ గిన్నె పట్టునప్పుడు సబ్బుతో కడుగబడవలెను. ఉదయము వండినది సాయంకాలమునకు వలదు. వండినది వండినట్లు నివేదించుటయే మన ఆచారము కదా!

మూడవది పాకము, పరిమాణము. ఎనిమిదవ నెల శిశువు కడుపులో ఒక పర్యాయము పట్టునది సుమారు 200 మిల్లీలీటర్లు మాత్రమే. ఆ చిన్న పాత్రను పలుచని గంజితోను, పప్పుకట్టుతోను నింపినచో పొట్ట నిండును గాని బలము రాదు. చెంచా వంచినను జాఱిపోని చిక్కదనము ఉండవలెను. మొదట రెండు మూడు చెంచాలతో ఆరంభించి మెల్లగా పెంచవలెను. బియ్యము, పెసరపప్పు మెత్తగా ఉడికించి నెయ్యి కలిపినది, రాగిజావ చిక్కగా కాచినది, ఉడికించి చిదిమిన గుమ్మడి, చిలగడదుంప, అరటిపండు, తోటకూర కలిపిన పప్పు ఇవన్నియు సాత్త్వికములే. ఆకుకూర పప్పులో రెండు చుక్కల నిమ్మరసము పిండినచో అందలి ఇనుము దేహమునకు బాగుగా పట్టును. తొమ్మిది, పది నెలలు వచ్చుసరికి మెత్తని పలుకులు తగులునట్లు పెట్టవలెను. ఏడాదివరకు అంతయు రుబ్బియే పెట్టినచో నమలుట నేర్వరు. వేరుసెనగ గింజలు, గట్టి జంతికలు, పచ్చి క్యారెట్టు ముక్కలు, గుండ్రని ద్రాక్షలు పసివారికి ఇయ్యరాదు. అవి గొంతున అడ్డుపడును. బిడ్డ ఎప్పుడును కూర్చుండియే తినవలెను.

నాల్గవది ఏకాంతము. నివేదన వేళ సన్నిధి తలుపులు మూయుదురు, తెఱ వేయుదురు. ఆ సమయమున వేడుకలు లేవు, దర్శనములు లేవు. నేడు మన యిండ్లలో బిడ్డ కన్నుల యెదుట సెల్‌ఫోను ఆడించి, వాడు నోరు తెఱచిన క్షణమున ముద్ద త్రోయుచున్నాము. ఆ బిడ్డ ఏమి తినెనో, ఎంత తినెనో, ఆకలి తీరెనో లేదో తెలిసికొనలేడు. పూర్వము తల్లులు గోరుముద్దలు పెట్టుచు చందమామను చూపిరి కదా యందురేమో! చందమామను చూపిన తల్లి బిడ్డ ముఖమును చూచినది, బిడ్డతో మాటలాడినది. ఫోను చూపు తల్లి ముఖమును బిడ్డ చూడడు.

ఐదవది ప్రతీక్ష. ఇది అన్నింటిలో ముఖ్యము. తళిగ సమర్పించి, మంత్రపూర్వకముగా ప్రార్థించి, అర్చకుడు వేచియుండును. స్వామి ఎంత ఆరగించెనో మన కంటికి కానరాదు. తళిగ నిండుగనే తిరిగి వచ్చును. అందులకు అర్చకుడు అలుగునా? "రేపు పెట్టను" అనునా? మఱునాడు అదే భక్తితో, అదే వేళకు, మరల సమర్పించును. శిశువు ముఖము త్రిప్పుకొనుట, పెదవులు బిగించుట, చేతితో త్రోసివేయుట "చాలును" అను మాటకు వాని భాష. దానిని గౌరవించి గిన్నెను దింపవలెను. ఇరువది, ముప్పది నిమిషములకు మించి బతిమాలరాదు. నొచ్చుకొనక, తరువాతి వేళకు మరల చిరునవ్వుతో అందింపవలెను. భక్తితో అర్పించిన ఆకునో పూవునో గూడ తాను స్వీకరింతునని గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున సెలవిచ్చెను. స్వీకరించుట ఆయన పని; అర్పించుట మన పని. ఏమి పెట్టవలెను, ఎప్పుడు పెట్టవలెను అనునది తల్లి నిర్ణయము. ఎంత తినవలెను అనునది బిడ్డ నిర్ణయము.

ఆరవది ప్రసాద వినియోగము. ఆరగింపు ఐన పిమ్మట అందఱును కూడి ప్రసాదమును స్వీకరింతుము. బిడ్డను గూడ ఇంటివారి పంక్తిలో కూర్చుండబెట్టవలెను. తండ్రి తినుట, తాత తినుట చూచి వాడు నేర్చును. చేయి అన్నములో ముంచనిండు, ముఖమంతయు పూసికొననిండు. నేల తుడిచికొనవచ్చును.

మా కుమార్తె అట్లే దారికి వచ్చెను. ఉగ్గుగిన్నెను అటుకపై పెట్టివేసితిమి. ఒకనాడు మధ్యాహ్నము తిరువారాధన ముగించి నేను భోజనమునకు కూర్చుండగా, ప్రాకుచు వచ్చి, నా విస్తరిలోని మెత్తని పెరుగన్నమును పిడికిట పట్టి నోట పెట్టుకొనెను. సగము నేలపాలైనది. నా భార్య తలుపు చాటున నిలిచి కన్నులొత్తుకొనుచుండెను. దానిని మహిమ యని చెప్పుటకు నేను సాహసింపను. ఎవ్వరును బలవంతపెట్టనందున ఆ పిల్ల భయము తీరినది, అంతియే. భయము తీర్చువాడు భగవంతుడే యని మాత్రము నేను నమ్ముదును.

దీపారాధనతోబాటు వైద్యము

కొందఱు భక్తులు ఈ విషయమున ఒక పొరపాటు చేయుదురు. మ్రొక్కు మ్రొక్కితిమి గదా యని వైద్యుని యొద్దకు పోరు. వైశ్వానరాగ్ని రూపమున ప్రాణుల దేహములలో నుండి నాలుగు విధములైన అన్నమును తానే పచనము చేయుదునని భగవానుడు గీత పదునైదవ అధ్యాయమున చెప్పెను. ఆ అగ్ని మందగించినప్పుడు దానిని సరిచేయు వైద్యుని బుద్ధియు ఆయన యిచ్చినదే కదా!

బిడ్డ బరువు పెరుగక నిలిచినను, తగ్గినను, మందకొడిగా నున్నను, మూత్రము తగ్గినను, పాలు గూడ మానినను, జ్వరము, విరేచనములు, మాటిమాటికి వాంతులు ఉన్నను, తినునప్పుడెల్ల దగ్గు, ఉక్కిరిబిక్కిరి కలిగినను, అరచేతులు, కనురెప్పల లోభాగము పాలిపోయినను, ఎనిమిది తొమ్మిది నెలలు వచ్చినను ఏ ఆహారమును తీసికొననిచో, ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద ఏర్పడిన అంగన్‌వాడీ కేంద్రములలో పిల్లలను తూచి, వృద్ధి పట్టికలో గుర్తింతురు. ఆ పట్టికలోని గీత పైకి పోవుచున్నంత కాలము, ఒకటి రెండు ముద్దలు తగ్గినను తల్లి దిగులుపడ నక్కఱలేదు. పుట్టినప్పటి బరువు మొదటి యేట మూడింతలగును. రెండవ యేట పెరుగుదల మందగించును, ఆకలియు సహజముగా తగ్గును. ఇది తెలియక ఏడాది నిండిన పిల్లలను వేధించు గృహములు అనేకము.

దిష్టి తీయుటను నేను నిషేధింపను. పెరియాళ్వారులు సాక్షాత్తు పరమాత్మకే దృష్టిదోషము తగులునేమో యని మంగళాశాసనము చేసినవారు. వారి వారసులమైన మనము పసివానికి దిష్టి తీయుటలో తప్పులేదు. దిష్టి తీయుటతోనే సరిపెట్టుట తప్పు. అంతకన్న పెద్ద తప్పు, బిడ్డ తిననప్పుడు ఇంటిల్లిపాదియు కోడలివైపు చూచుట. రాత్రులు మేల్కొని పాలిచ్చి, పగలు గిన్నె పట్టుకొని కూర్చుండు ఆ తల్లి కన్నీటిని బిడ్డ చూచుచునే యుండును. తల్లి ముఖమున భయమున్నచో బిడ్డకు అన్నమే భయకారణమగును. అత్తగారు ఒక పూట బిడ్డను ఎత్తుకొని, "నీవు తిని కాసేపు పడుకో, అమ్మా!" అనినచో, ఆ మాట నూఱు తాయెత్తులకు సాటి.

ముగింపు

ఆనాడు మండపములో ఆ పెద్దావిడతో నేను చివరగా ఇట్లంటిని: "అమ్మా! శ్లోకము అడిగితిరి. ప్రతి పూటయు ముద్ద పెట్టుటకు ముందు మీ యింటి పెరుమాళ్ళ నామము మూడు మారులు చెప్పుకొనుడు. అది వాని నోరు తెఱపించుటకు గాదు, మన చేయి తొందరపడకుండుటకు. ఱేపు ఉదయము మాత్రము బిడ్డను వైద్యునికి చూపుడు. వాని చేతులు పాలిపోయి యున్నవి." ఆమె కొంతసేపు ఊరకుండి, "ముక్కు మూసినది నేనే, స్వామీ!" అనెను. "నేనును మూసితిని, తల్లీ!" అని నా కథ చెప్పితిని. అప్పుడు మొదటిసారి ఆ కోడలు తలయెత్తి చూచెను.

ఈ సంవత్సరము శ్రీరామనవమినాడు అదే కోవెలలో వారు మరల కనబడిరి. వైద్యుడు పరీక్షచేసి రక్తము తక్కువగా నున్నదని చెప్పి ఇనుము చుక్కలు వ్రాసియిచ్చెనట. మొదటి నెల పెద్ద మార్పు లేదట. రెండవ నెలనుండి వాడు తానుగా చేయి చాచుచున్నాడట. కోడలి ముఖము తేటపడి యుండెను. అత్తగారు తన దొన్నెలోని దధ్యోదనమును చేతిలో పెట్టుకొని వాని యెదుట ఊరక చాచియుండెను. వాడు చూచెను, ఆలోచించెను, ముఖము త్రిప్పుకొనెను. ఆమె చేయి వెనుకకు తీసికొని, నవ్వి, మరల చాచెను. మూడవ పర్యాయము వాడు వంగి ఆమె వ్రేళ్ళనుండి అందుకొనెను.

మనము విముఖులమై ముఖము త్రిప్పుకొన్న ప్రతి పర్యాయమును, ఎన్ని జన్మలైనను విసుగక, తన కృపను మరల మరల మన ముందు చాచుచున్న ఆ శ్రియఃపతి ఓర్పులో ఒక్క కణము మన తల్లులకు, తండ్రులకు, అత్తగారలకు, తాతలకు లభించుగాక! మన యిండ్లలోని చిన్నికృష్ణులందఱును కడుపునిండ ఆరగించి, ఆయురారోగ్యములతో వర్ధిల్లుదురుగాక!